ఒకటి కొడితే ఔను

చేతిలోని చీటీ మీద నలభై ఏడు. ఫోన్ల షాపు గోడ మీద ఎర్రగా వెలిగే అంకె ముప్ఫై రెండు దగ్గర ఎప్పుడో ఆగింది, ఇంక కదిలే ఉద్దేశం ఉన్నట్టు లేదు. మేస్త్రీ కుర్చీ అంచున కూర్చున్నాడు, పూర్తిగా కూర్చోలేదు, ఎందుకంటే ఆ ప్లాస్టిక్కు కుర్చీ మీద ఎవరో తీపి నీళ్లేవో ఒలకబోసి తుడవకుండా పోయారు, అవి ఎండి జిగురయ్యాయి, కదిలినప్పుడల్లా ప్యాంటు చిన్న చప్పుడుతో ఊడివస్తోంది. వెనక గోడకు తలలు ఆనించీ ఆనించీ వరసగా నూనె మరకలు, ఒక్కో మరక ఒక్కో తలంత, ఎన్ని తలలు ఇక్కడ ఎదురుచూసి పోయాయో కావాలంటే లెక్కపెట్టుకోవచ్చు. ఆ వాసన తెలియకూడదని ఎవరో సెంటు కొట్టారు, సెంటు కింద పాత వాసన పాతవాసనలాగే ఉంది, రెండూ కలిసి మూడో కంపు పుట్టింది, డబ్బు పోసి కొన్న కంపు. తలుపు మీద ఏసీ పెట్టె, దాని కింద ఖాళీ రంగుల డబ్బా, డబ్బాలోకి చుక్క చుక్కగా నీళ్లు, నీళ్లలో అగ్గిపుల్లలూ ఒక చచ్చిన దోమా. ఏసీ లోపలి ఫ్యాను బేరింగు ఎండిపోయింది, ఆ గీరుడు ఈ గదిలో ఇంకెవరికీ వినపడ్డం లేదు, ఇంకో రెండు నెలల్లో పట్టేస్తుంది, పట్టేశాక కాయిలు కాలుతుంది, కాలాక మోసుకొచ్చి తన గడప ముందు దించుతారు, దించి 'నిన్నటిదాకా బాగానే తిరిగింది మేస్త్రీ' అంటారు. పాతికేళ్లుగా ఇదే మాట. ఏదీ నిన్నటిదాకా బాగా తిరగదు. ముందునుంచీ చెబుతూనే ఉంటుంది, వినేవాడు లేకపోతే అదేం చేస్తుంది.

ఆ ఆలోచన అక్కడితో ఆపేశాడు, దాని వెనక ఇంకొకటి ఉందని తెలుసు.

పక్క కుర్చీలో టైలరు. తన షాపుకు రెండు గుమ్మాల అవతల కుట్టుమిషను పెట్టుకున్న టైలరే, ఫోను అద్దం పగిలిందని వచ్చాడు, వచ్చి ఆ పగిలిన అద్దం మీదే వేలు ఆడిస్తున్నాడు. సూదిలో దారం ఎక్కించేముందు కొస తడిచేసుకునే అలవాటు అతనిది, ఆ అలవాటే ఇప్పుడు ఫోనుకు పాకింది, నాలుక మీద వేలు పెట్టడం, అద్దాన్ని పైకి తొయ్యడం, మళ్లీ నాలుక, మళ్లీ అద్దం, ఎంగిలి తడిలో ఎవరో అమ్మాయి గెంతుతోంది, తడి ఆరేలోగా అమ్మాయి పోయి ఎవడో మెట్ల మీంచి దొర్లుతున్నాడు, వెనక వందమంది పగలబడి నవ్వుతున్నారు, ఆ నవ్విన వందమందీ ఎవరో, ఎక్కడ కూర్చుని నవ్వారో, పడినవాడికి తల పగిలిందో లేదో ఎవరికీ అక్కర్లేదు. ఎవడి తల పగిలినా అదే నవ్వు, ఒకే నవ్వును కోసి కోసి అన్నిటికీ అతికిస్తున్నారు. ఈ నవ్వు మేస్త్రీ ముందు విన్నాడు, ఆసుపత్రి నడవలో విన్నాడు.

"ఏం మేస్త్రీ, నువ్వు కూడా వచ్చి పడ్డావా ఇందులోకి?" అన్నాడు టైలరు, కళ్లు ఎత్తకుండానే.

"చూద్దామని."

"చూద్దామని వచ్చినవాళ్లమే అందరం. ఇదిగో, ఇంకా చూస్తూనే ఉన్నాం." వేలు నాకి అద్దం తోశాడు. "అయినా నీకెందుకయ్యా ఇది? మాట్లాడరా బాబూ అంటే మాటకో మోటారు అడిగే మనిషివి."

మేస్త్రీ నవ్వలేదు, కోపమూ తెచ్చుకోలేదు. టైలరు అన్నదాంట్లో తప్పేం లేదు. మోటార్లకు తీగె చుట్టే వైండింగు పనిలో మాట పనికిరాదు. ఒక గాడిలోకి అరవై రెండు చుట్లంటే అరవై రెండే, అరవై ఒకటైతే వేడెక్కుతుంది, అరవై మూడైతే గాడిలో పట్టదు, చుడుతూ లోపల లెక్కపెట్టుకోవాలి, మధ్యలో ఎవరైనా 'మేస్త్రీ, కాఫీ తాగుతావా' అంటే 'ఊఁ' అనడానికి కూడా వీల్లేదు, ఆ 'ఊఁ'లో ఒక చుట్టు పోతుంది. పెళ్లయిన కొత్తలో పెళ్లాం గుమ్మంలో నిలబడి ఏదో అడిగితే యాభై మూడూ యాభై నాలుగూ అంటూ ఆవిడ ముఖంలోకే చూశాడట, ఆవిడ ఇప్పటికీ చెబుతుంది. అలా లెక్క తప్పకూడదని మాట మానుకున్నాడు, మాట మానుకున్నాక లెక్క లేనప్పుడు కూడా మాట రాలేదు. అలాంటివాడికి జేబులో చిన్న ఫోను. దాని తెర రెండేళ్ల కిందటే చచ్చిపోయింది, అంకెలూ కనపడవు, పేర్లూ కనపడవు, మోగితే పచ్చమీట నొక్కడం, విన్నాక ఎర్రమీట నొక్కడం, అంతే. అంతకన్నా ఫోను నుంచి తనకేం కావాలి? కాలిన మోటారు ఫోటో చూసి రేటు చెప్పమంటారట ఇప్పుడు. ఫోటోకు వాసన ఉంటుందా? నల్లబడిన కాయిలు దగ్గర ముక్కు పెడితే వార్నీషు కాలిందో, తీగె కాలిందో, నీళ్లు దిగి కాలిందో, తిప్పకూడని లోడు తిప్పి కాలిందో ముక్కే చెబుతుంది. ఫోటో ఏం చెబుతుంది, నల్లగా ఉంది అని చెబుతుంది.

ఎదురు వరసలో ఒక తల్లి ఒడిలో పిల్లను పెట్టుకుని తినిపిస్తోంది. పిల్ల కళ్లు ఫోనులో, ఫోనులో రంగురంగుల జంతువులేవో గుండ్రంగా తిరుగుతున్నాయి, చెంచా పెదాలకు తగలగానే నోరు తెరుచుకుంటుంది, మూసుకుంటుంది, లోపలికి ఏం పోతోందో పిల్లకు తెలియదు, ఏం పెడుతోందో తల్లికీ తెలియదు, తల్లి రెండో చేతిలో ఇంకో ఫోను, చెంచా ఒకసారి నోటిలోకీ ఒకసారి చెంపమీదికీ పోతోంది, చెంపమీది మెతుకులు గడ్డం మీదికి జారి గడ్డం మీంచి ఫోను మీద పడ్డాయి, అప్పుడు మాత్రం తల్లి ఉలిక్కిపడి ఫోను తుడిచింది. గడ్డం తుడవలేదు. ఛీ, అనుకున్నాడు మేస్త్రీ, తల తిప్పుకున్నాడు, తిప్పుకుంటే గోడ మీద బొమ్మ, బొమ్మలో ఓ తండ్రీ తల్లీ ఇద్దరు పిల్లలూ ఒకే ఫోనులోకి చూసి నవ్వుతున్నారు, నలుగురికీ కలిపి నోళ్లలో పట్టనన్ని పళ్లు, ఏం చూసి నవ్వుతున్నారో బొమ్మ వేసినవాడికైనా తెలిసుండదు. బొమ్మ కింద రేట్లు.

పోయినవారం దారిలో ఆగి ఆ రేట్లు అడిగాడు. ఫోను వెల తొమ్మిది మోటార్లు, నెలనెలా డేటాకు ఇంకో అర మోటారు. అతను దేన్నయినా మోటార్లలోనే కొలుస్తాడు, ఒక మోటారంటే ఏమిటో ఒంటికి తెలుసు కాబట్టి. బిగుసుకుపోయిన కాలిన రాగిని ఉలి పెట్టి కొట్టి బయటికి లాగడం, గాళ్లలో కరుచుకున్న నల్లటి పెచ్చులు గీకడం, ఆ నలుపు గోళ్లలోకి పోయి కండకు అంటుకుని నెలకు గాని పోకపోవడం, మళ్లీ కొత్త కాగితం, కొత్త తీగె, లెక్క, ముడి, వార్నీషు, ఎండబెట్టడం. అలాంటివి తొమ్మిది. సరే, ఇవ్వచ్చు, వస్తువు చేతికొస్తుంది. ఈ డేటా ఏమిటి? "రోజుకింత ఇస్తామండీ" అంది కౌంటర్లో అమ్మాయి. "వాడకపోతే?" అన్నాడు. "అర్ధరాత్రికి పోతుందండీ, మర్నాడు కొత్తది వస్తుంది." పోవడమేమిటి, ఎక్కడికి పోతుంది? డబ్బిచ్చి కొనుక్కున్న సరుకును రోజూ ఇంటికొచ్చి కుమ్మరించి పోయే వ్యాపారం ఎక్కడైనా ఉందా? తను ఎవరికైనా మోటారు చుట్టి ఇచ్చి, రోజుకింత సేపు తిప్పాలి, తిప్పకపోతే రాత్రికొచ్చి నాలుగు చుట్లు ఊడదీసుకుపోతాను అంటే ఊరుకుంటారా? పైగా నెలంటే వాళ్లకు ఇరవై ఎనిమిది రోజులట. "ఎప్పటినుంచి?" అని అడిగాడు. ఆ అమ్మాయి నవ్వింది, "మొదట్నుంచీ అంతేనండీ." ఏడాదిలో పదమూడో నెల ఒకటి పుట్టించి ఆ నెల కూడా అమ్ముకుంటున్నారు, దాన్ని నవ్వుతూ చెబుతోంది ఈ పిల్ల, ఈ పిల్ల తప్పేముంది, ఎవరో నవ్వమన్నారు. తిట్టుకుంటూ ఇంటికి పోయాడు. ఆ తిట్టుకోవడంలో ఏదో సుఖం ఉన్నట్టు అప్పుడే అనుమానం వచ్చింది, దురద గోకినప్పటి సుఖం లాంటిది. కొనకపోవడానికి ఇంత మంచి కారణాలు దొరికితే ఎవడికి సుఖంగా ఉండదు?

ముప్ఫై ఆరు. ఎవరో లేచారు, ఎవరో కూర్చున్నారు.

టైము పదకొండు అయ్యుంటుంది. వాళ్ల ఊళ్లో అక్క తయారై కూర్చుని ఉంటుంది. నిన్న మేనకోడలు ఫోను చేసి చెప్పింది, "రేపు నాకు సెలవు మావయ్యా. నువ్వు పొద్దున్నే పోయి కొనేసి, అక్కడ్నించే వీడియో కాల్ చెయ్యి. అమ్మ పొద్దున్నుంచీ అదే పనిగా కూర్చుంటుంది, నాకు తెలుసు. పలక మీద రాసి నీకు చూపిస్తుందట. నాకు కూడా చెప్పట్లేదు ఏం రాస్తుందో." చివర్లో, "అమ్మ నిన్ను చూడాలంటోంది మావయ్యా," అంది. ఆ పిల్ల మామూలుగా అంది, గదమాయించలేదు. మూడు నెలలైంది నువ్వు రాక అనలేదు. బస్సెక్కితే పూట ప్రయాణమేగా అనలేదు. అనకపోవడమే చెవిలో ఉండిపోయింది.

అక్క గొంతు ముందే చెప్పింది. అదే ఆ రెండో ఆలోచన, ఏసీ బేరింగు వెనక దాక్కున్నది. ఆపరేషనుకు ఏడాది ముందు, ఫోనులో 'ఏరా, తిన్నావా' అన్నప్పుడు ఆ 'రా' దగ్గర ఏదో గీరుకుంది. మేస్త్రీకి వినపడింది. గ్రీజు ఎండిన చప్పుడు. ఏ మోటారైనా అలా గీరుకుంటే విప్పించకుండా వదిలేవాడు కాదు. 'జలుబు చేసిందా' అన్నాడు, 'ఆఁ, జలుబే' అంది అక్క, అయిపోయింది. తర్వాత ఏడాది పొడుగునా ఆ గీరుడు పెరగడం విన్నాడు, విని ఊరుకున్నాడు, ఎందుకంటే మాట్లాడడం చేతకాదు, అడగడం అంతకన్నా చేతకాదు. తర్వాత పెద్ద డాక్టరు చూసి గొంతులో ఉన్నదంతా తీసెయ్యాలన్నాడు, తీసేశారు. ఇంక మాట రాదన్నారు.

మాట రాని మనిషి ఫోను చేస్తుందని ఎవడనుకుంటాడు? అక్క ఇంటికొచ్చిన వారానికి ఒక మధ్యాహ్నం చేతినిండా వార్నీషుతో ఉండగా ఫోను మోగింది. మోచేత్తో మీట నొక్కి భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకున్నాడు. అవతల మనిషి లేదు. ఏదో గాలి, ఎక్కడో సన్నటి గొట్టంలోంచి లాగినట్టు, మధ్యమధ్య టక్కు, టక్కు. స్పీకర్లో దుమ్ము చేరిందనుకున్నాడు. ఆ సాయంత్రం చిన్న స్క్రూడ్రైవరు పెట్టి ఫోను విప్పి, మెత్తటి బ్రష్షును పెట్రోలులో ముంచి లోపలంతా తుడిచి, నోటితో ఊది, మళ్లీ బిగించాడు. మర్నాడు అదే గాలి, అదే టక్కు. శుభ్రంగా తుడిచిన పనిలో చప్పుడు మిగలడం అతనికి గిట్టదు. మూడో రోజు సరిగ్గా నలభై ఒకటో చుట్టు దగ్గర మోగింది. లెక్క పోయింది. ఎత్తాడు. గాలి. టక్కు. "ఎవడ్రా నువ్వు? నోరు పడిపోయిందా?" అని అరిచాడు, పాతికేళ్లలో అంత గట్టిగా అరవలేదు, వీధిలో పోయేవాళ్లు ఆగి చూశారు. అవతల గాలి ఆగింది. తర్వాత ఫోను పెట్టేసిన చప్పుడు, మెల్లిగా, మర్యాదగా. రాత్రికి మేనకోడలు చేసింది. "మావయ్యా, మూడు రోజులుగా చేస్తున్నది అమ్మే. గోరుతో కొడుతోంది. నీ గొంతు వినాలని."

ఆ మాట విన్న చోటే కూర్చుండిపోయాడు, కాలిన రాగి కుప్ప పక్కన.

తర్వాత వాళ్లే ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఒకటి కొడితే ఔను, రెండు కొడితే కాదు. పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ మాట్లాడనంత మాట్లాడాడు మేస్త్రీ ఈ మూడు నెలల్లో. తిన్నావా? టక్. నొప్పుందా? టక్ టక్. నిద్ర పట్టిందా? ఆలస్యంగా ఒక టక్, ఆ ఆలస్యంలోనే పట్టలేదని తెలిసేది. గోరు తగిలే తీరులో మనిషి ఒంటి సంగతి వినేవాడు, బలం ఉన్న రోజు పొడిగా, లేని రోజు మెత్తగా. చెవి ఉంది కదా, చెవి చాలు, ఈ తొమ్మిది మోటార్ల బొమ్మల పెట్టె ఎందుకు, అని మేనకోడలితో అన్నాడు కూడా. "నువ్వు అడిగినదానికే కదా మావయ్యా అమ్మ చెప్పగలిగేది," అంది ఆ పిల్ల. "నువ్వు అడగనిది ఎలా చెబుతుంది?" తను అడిగేవి నాలుగే. తిండి, నొప్పి, నిద్ర, మందులు. ఐదోది ఒకటుంది, అది ఇంతవరకూ అడగలేదు. ఆ రోజు ఆసుపత్రిలో నువ్వు చూశావా అక్కా?

చూసింది. ఎందుకు చూడదు.

ఆపరేషనైన ఐదో రోజు వెళ్లాడు. నడవలో బావ స్టూలు మీద కూర్చుని ఫోను చూస్తున్నాడు, పెద్దగా పెట్టుకుని, ఎవడో జారిపడుతున్నాడు, వందమంది నవ్వుతున్నారు. లోపల పెళ్లానికి గొంతు కోసి తూటు పెడితే బయట కూర్చుని నవ్వు వింటున్న మనిషి. "రా బావమరిదీ, లోపలికెళ్లు, మెలకువగానే ఉంది," అన్నాడు తల ఎత్తకుండా. ఆ క్షణానే ఫోను అన్న వస్తువు మీద అసహ్యం పుట్టింది, బావ మీద పుట్టాల్సింది ఫోను మీద పుట్టింది, అలాగని అనుకుంటూ వచ్చాడు ఇన్నాళ్లూ. లోపలికెళ్లాడు. అక్క కూర్చుని ఉంది, మెడ మీద, గుంట ఉండే చోట, తూటు. చుట్టూ ఎర్రగా, తడిగా, చిన్న గొట్టపు ముక్క. అక్క తమ్ముణ్ని చూసి నవ్వింది, నవ్వబోయింది, నవ్వు నోట్లోకి రాకముందే దగ్గు మెడలోంచి వచ్చింది, దగ్గుతో పాటు చిక్కటి పసుపుపచ్చ ముద్ద ఎగిరి అతని చొక్కా చేతి మీద పడింది. వెచ్చగా ఉంది. అంతే. అంతలో ముఖం ఏమైందో తనకు తెలియదు. కాళ్లు వాటంతటవే బయటికి నడిచాయి, కుళాయి దగ్గర సబ్బుతో తోమాడు, వార్నీషు తోమినట్టు తోమాడు, వాసన పోయాక కూడా తోమాడు, చాలాసేపు. తిరిగి వచ్చేసరికి అక్క చిన్న తువ్వాలు ఒకటి మెడకు అడ్డం పట్టుకుని ఉంది. అతను తలుపు దగ్గరే నిలబడ్డాడు. ఉన్న పది నిమిషాలూ అక్క తువ్వాలు దించలేదు. చెయ్యి నొప్పెట్టి రెండో చేతికి మార్చుకుంది గాని దించలేదు.

టైలరు వేలు నాకాడు. అద్దం తోశాడు. మేస్త్రీ ఆ ఎంగిలి తడిని చూశాడు, దాని మెరుపును చూశాడు, ఈ గంట నుంచీ ఈ గదిలో ఎక్కడ తడి ఉందో, ఎక్కడ జిగురుందో, ఎవరి ముక్కు కారుతోందో, ఎవరి గోళ్లలో ఏముందో అన్నీ ఏరుకుంటూ కూర్చున్నాడు, ఎవడో ఆ పనికి కూలి ఇస్తున్నట్టు. తన గోళ్లు చూసుకున్నాడు. నల్లగా ఉన్నాయి.

చెవి కారేది చిన్నప్పుడు. ఎడమ చెవి, ఇప్పుడు బేరింగులు వినే చెవి. ఏడేళ్లుండొచ్చు అప్పుడు. చీము. బడిలో పక్కవాడు బల్ల అటు చివరికి జరిగిపోయేవాడు, పంతులుగారు కూడా 'నువ్వు కిటికీ దగ్గర కూర్చోరా' అనేవారు. అక్కకు పన్నెండు. రోజూ పొద్దున్న బడికి పోయేముందు మెట్టు మీద కూర్చోబెట్టి, తల ఒళ్లో పక్కకు వంచుకుని, పుల్లకు దూది చుట్టి చెవిలో తిప్పి తీసేది. తీసి పారేసేది కాదు. ముందు చూసేది, తర్వాత ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేది. జామపండు వాసన చూసినట్టు, అంత మామూలుగా. 'ఇవాళ తగ్గింది రా,' అనేది. కొన్ని రోజులు, 'తగ్గలేదు, రేపు తగ్గుతుందిలే.' ఆ ముఖాన్ని ఒళ్లోంచి పైకి చూస్తూ ఉండేవాడు. చెవి కంపు తనకే భరించరానిదిగా ఉండేది. అక్క ముఖంలో ఎక్కడా ఒక గీత కూడా కదిలేది కాదు. ఏడాది పొడుగునా, రోజూ.

ఇప్పుడు ఆ గొట్టాన్ని రోజూ పొద్దున్న బయటికి తీసి కడుగుతున్నది బావేనట. నావల్ల కాదు మావయ్యా, నాన్నే చేస్తాడు, చేస్తున్నంతసేపూ అమ్మకు ఏవో పిచ్చి జోకులు చెబుతాడు అంది మేనకోడలు. బావ ఆ రోజు నడవలో కళ్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఫోనులో పెట్టుకున్నాడు, అంతే అయ్యుంటుంది. తనకు ఫోను లేక కుళాయి దగ్గరికి పోయాడు. బావ తిరిగి లోపలికి పోయాడు. తను పోలేదు.

"నలభై ఏడు! నలభై ఏడు ఎవరండీ?"

"నీదే మేస్త్రీ, లే," అన్నాడు టైలరు. "పో, పోయి మునుగు."

ప్యాంటు కుర్చీ నుంచి ఊడివచ్చింది. కౌంటరు అద్దం మీద వేలిముద్రలు ఒకదాని మీద ఒకటి, అద్దమే మసకబారింది. పోయినవారం ఇరవై ఎనిమిది రోజుల నెల చెప్పిన అమ్మాయే. "చెప్పండి," అంది.

తను ముందు అడిగింది వేరే. "మీటల ఫోనే, తెర బాగున్నది. అక్షరాలు కనపడేది. ఉందా?"

"ఉందండీ, చాలా చవక. దీంట్లో మెసేజీలు వస్తాయి. మనుషులు కనపడరు."

మనుషులు కనపడరు. ధర ఒక్క మోటారు. మేనకోడలు ఇంట్లో ఉన్నప్పుడు అక్క చెప్పేది టైపు చేసి పంపొచ్చు, ఆ పిల్ల డ్యూటీకి పోయినప్పుడు మాత్రం కుదరదు, అక్కకు పలక మీద రాయడం వచ్చు గాని ఫోనులో అక్షరాలు వెతుక్కోవడం రాదు. అయినా చాలు కదా. ఎనిమిది మోటార్లు మిగులుతాయి, నెలనెలా అర మోటారు మిగులుతుంది, ఎవరడిగినా చెప్పుకోవడానికి ఎంత శుభ్రమైన లెక్క. ఇంత శుభ్రమైన లెక్క చూస్తేనే వాంతొచ్చేలా ఉంది. వెల అడ్డం పెట్టుకుని వచ్చాడు ఇన్నాళ్లూ, తువ్వాలు లాగా.

"పెద్దది చూపించు," అన్నాడు.

ఆ అమ్మాయి డెమో ఫోను తీసి, తెర తుడిచి, ఏదో నొక్కి అతని ముందు పెట్టింది. "చూసుకోండి, మీ ముఖం ఎంత స్పష్టంగా ఉందో."

చూసుకున్నాడు. గడ్డం గీసుకునేటప్పుడు అద్దంలో కనపడే ముఖం కాదిది. ముక్కు పైకి లాగి ఉంది, ముక్కుకు రెండు వైపులా మడతలు, పై పెదవి ఒక పక్క లేచి ఉంది, కళ్లు సగం మూసి, ఎదురుగా ఏదో కుళ్లిపోయినదాన్ని పెట్టినట్టు. ఈ గంటసేపూ ఈ ముఖమే పెట్టుకుని కూర్చున్నాడన్నమాట. పిల్లకు తినిపిస్తున్న ఆ తల్లి చూసే ఉంటుంది. టైలరు చూసే ఉంటాడు. ముఖాన్ని మామూలు చేద్దామని చూశాడు, మడతలు వెంటనే పోలేదు, అలవాటైన ఇస్త్రీ మడతలాగా ఉన్నాయి. ఇదన్నమాట అక్క చూసింది.

జేబులోంచి కాగితం తీశాడు. "ఈ నంబరుకు ఒకసారి కలపగలవా? కొనేముందు."

"షాపు నెట్ మీద కలుపుతానండీ, రెండు నిమిషాలే."

ఒక్కసారే మోగింది. ఎత్తారు. తెరంతా ఎర్రటి చీకటి. చీకటి కాదు, ఎర్రగా, అంచుల్లో కాస్త నారింజ రంగు, లోపల ఏవో సన్నటి గీతలు. "అటువైపు కెమెరా మూసుకుందండీ," అంది అమ్మాయి. లోపల్నించి మేనకోడలి గొంతు, "మావయ్యా, కనపడుతున్నావు! అమ్మా, నువ్వు బొటనవేలు తియ్యి. మావయ్యా, వేలు పెట్టి మూసేసింది చూడు, పొద్దున్నుంచీ తల దువ్వుకుని కూర్చుంది, పలక కూడా రాసి పెట్టుకుంది, తీరా ఇప్పుడు వేలు తియ్యనంటోంది. అమ్మా!"

ఎర్రటి చీకటి కదల్లేదు. గాలి వినపడుతోంది, సన్నటి గొట్టంలోంచి లాగుతున్న గాలి. వెలుగుకు అడ్డంగా అక్క వేలు, వేల్లో నెత్తురు, అంత దగ్గరగా అక్క నెత్తుర్ని అతను ఎప్పుడూ చూడలేదు.

"అక్కా," అన్నాడు. వెనక ఎవరో గొంతు సవరించుకున్నారు, వరసలో ఇంకా చాలామంది ఉన్నారు. "ఆ రోజు నువ్వు చూశావు కదూ, నా ముఖం."

చాలాసేపటికి, టక్.

"వేలు తియ్యి."

టక్ టక్.

లెక్క పోయిన మనిషిలా నిలబడ్డాడు. తర్వాత, ఎవరికీ వినపడకూడదన్నంత మెల్లిగా, "చూడనీ అక్కా," అన్నాడు. "తగ్గిందో లేదో నేను చెప్పొద్దూ?"

గాలి ఒక్క క్షణం ఆగినట్టయింది. టక్కు రాలేదు. ఒకటీ రాలేదు, రెండూ రాలేదు.

"ఏమండీ," అంది కౌంటరు అమ్మాయి, నవ్వు లేకుండా, "వెనక జనం ఉన్నారు. తీసుకుంటున్నారా?"

మేస్త్రీ తెర మీంచి కళ్లు ఎత్తలేదు. నల్లటి గోరుతో కౌంటరు అద్దం మీద ఒక్కసారి కొట్టాడు. టక్. ఆ చప్పుడు ఫోనులోంచి అవతలికి కూడా పోయినట్టుంది. ఇన్నాళ్లూ ఆ చప్పుడు అటునుంచే గాని ఇటునుంచి ఎప్పుడూ పోలేదు. ఎర్రటి చీకటి కొద్దిగా వణికింది. తెర మూల చిన్న గళ్లో తన ముఖం ఉందని తెలుసు, దానివైపు చూడలేదు. ఎర్రదనానికి కింది అంచున సన్నగా, గోరంత మేర, తెల్లటి వెలుగు పడింది. అతను అక్కడే చూస్తూ నిలబడ్డాడు.